లెక్క అడిగే ఊరు

(తెలంగాణ సాయుధ పోరాట అమరుల స్మారక ఉపన్యాసం, మేళ్లచెరువు)



1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది. నాలుగు వేల మంది ప్రాణాలిచ్చారని, మూడు వేల గ్రామాల్లో ప్రజలే పాలన నడుపుకున్నారని, పది లక్షల ఎకరాలు పేదలకు పంచారని పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఏటా ఈ వారం రోజులు ఆ అమరులను తలచుకుంటాం. స్తూపం కడుగుతాం, జెండా ఎగరేస్తాం, పాటలు పాడతాం. అవన్నీ చేయవలసినవే. అయితే వాళ్లు దేనికోసం చచ్చిపోయారో ఆ పని మన ఊళ్లో ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం కూడా స్మరణలో భాగమేనని నేను నమ్ముతాను.

భూమి కోసం చచ్చిపోయారని చెప్పుకుంటాం. నిజమే. వెట్టి పోవాలని చచ్చిపోయారని చెప్పుకుంటాం. అదీ నిజమే. ఈ రెండింటి కింద మరొకటి ఉంది. తన భూమి ఎంత, శిస్తు ఎంత, అప్పు ఎంత, తన వంతు ఎంత అని అడిగే హక్కు ఆనాటి రైతుకు లేదు. అడిగినవాడు బతికి బట్టకట్టే నమ్మకం లేదు. ఆ హక్కు సంపాదించడమే పోరాటానికి మొదటి మెట్టు. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఇదే: ఓటు వేసే ఊరు మనకు ఉంది, లెక్క అడిగే ఊరు ఇంకా కావాలి. ఆ ఊరిని తయారు చేసుకోవడమే అమరులకు మనం కట్టవలసిన అసలు స్తూపం.

దస్త్రం ఎవరిదో పెత్తనం వారిది

నిజాం కాలంలో ఊరి పెత్తనం ముగ్గురి చేతుల్లో నడిచింది. శిస్తు వసూలుకు మాలీ పటేల్, తగాదాలకు, నేరాలకు పోలీసు పటేల్, భూమి లెక్కలకు పట్వారీ. వాళ్ల మీద దేశ్‌ముఖ్, దేశ్‌పాండే. పట్వారీ చేతిలో కర్ర లేదు, తుపాకీ లేదు. దస్త్రం ఉంది. ఎవరి పట్టా ఎవరి పేరిట ఎక్కాలో, ఏది నీటి తడి ఉన్న తరి, ఏది మెట్ట ఖుష్కీ అన్నది ఆ దస్త్రమే తేల్చేది. సర్కారు భాష ఉర్దూ. దున్నేవాడి భాష తెలుగు, వాడికి అదీ చదవడం రాదు. చేతికి రసీదు ఇస్తే అందులో ఏముందో తెలియదు, ఇయ్యకపోతే అడగడానికి నోరు రాదు.

ఏటా జమాబందీ జరిగేది. తహసీలు నుంచి అధికారి దిగి పట్వారీ లెక్కలు తనిఖీ చేసేవాడు. ఆ లెక్క ఊరి నుంచి తహసీలుకు, అక్కడి నుంచి జిల్లాకు వెళ్లేది. కచ్చీరు బయట చేతులు కట్టుకుని నిలబడ్డ రైతుకు మాత్రం ఎవరూ చదివి వినిపించేవారు కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లెవీ, అంటే సర్కారుకు తప్పనిసరిగా కొలవవలసిన ధాన్యం, వచ్చింది. ఎవరి వంతు ఎంతో రాసేది ఆ కలమే. దొర గాదెలో గింజ కదలకపోయినా పేద రైతు ఇంట విత్తనాలకు దాచుకున్నవి కూడా ఊడ్చుకుపోయారు. నాగుకు, అంటే అప్పుగా, తెచ్చుకున్న గింజలకు పంట నాటికి సగం కలిపి కొలిచి ఇయ్యాలి. ఎంత కొలిచినా అప్పు తీరేది కాదు, ఎందుకంటే ఎంత తీరిందో రాసుకునేవాడు అప్పిచ్చినవాడే.

మన పక్కనే ఉన్న మునగాల పరగణా చరిత్ర మరో పాఠం చెబుతుంది. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా ఆ పరగణా బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా కింద ఉండేది. 1959లో గాని నల్లగొండ జిల్లాలో కలవలేదు. అక్కడి రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు, వారితో రావిచెట్టు రంగారావు కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించారు. తెలుగువాళ్ల చదువుకు ఆ సంస్థానం చేసిన మేలు చిన్నది కాదు. అదే పరగణాలో 1930లలో రైతులు జమీందారీ వసూళ్ల మీద ఉద్యమించవలసి వచ్చింది. పాలకుడు విద్యాభిమాని అయినంత మాత్రాన రైతు బరువు తగ్గదు. పై నుంచి వచ్చే మంచితనం వేరు, కింద నుంచి అడిగే హక్కు వేరు.

కాల్చిన కాగితాలు, రాసుకున్న కాగితాలు

అడిగే గొంతు ఒక్కరోజులో రాలేదు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి' పత్రిక నడిపారు. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ' పత్రిక పెట్టారు. మాడపాటి హనుమంతరావు వెట్టి మీద కరపత్రాలు రాశారు. వెట్టి చేయించడం సర్కారు ఉత్తర్వులకే విరుద్ధమని ఆ కరపత్రాలు చదివిన ఊళ్లకు తెలిసింది. దొర చెప్పేదొకటి, కాగితంలో ఉన్నదొకటి అని తెలియడమే మొదటి తిరుగుబాటు.

నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల ఆంధ్ర మహాసభ 1941లో మన పొరుగున ఉన్న చిలుకూరులో జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. వకీళ్లు, ఉద్యోగులు, షావుకార్లు ఎక్కువగా కూర్చునే సభలోకి రైతులు, కూలీలు రావడం ఆ కాలంలోనే జోరందుకుంది. 1944లో భువనగిరి సభలో సభ్యత్వ రుసుం తగ్గించడంతో ఊరూరా మహాసభ శాఖ, అంటే సంఘం, వెలిసింది. సంఘం వచ్చిన ఊళ్లో రైతు మొట్టమొదట చేసిన పని రసీదు అడగడం. కామారెడ్డిగూడెంలో బందగీ అనే పేద రైతు దేశ్‌ముఖ్ మీద కోర్టుల్లో కొట్లాడి తన భూమి నిలబెట్టుకున్నాడు, అందుకే హత్యకు గురయ్యాడు. కాగితం మీద గెలిచిన పేదవాడిని ఆ వ్యవస్థ బతకనియ్యలేదు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాలకు కూలిపోయాక ప్రజలు ఇక కోర్టుల కోసం ఎదురుచూడలేదు.

గడీల మీదికి వెళ్లిన జనం అప్పు పత్రాలు, పట్వారీ దస్త్రాలు కుప్పపోసి తగలబెట్టారు. ఈ ఘట్టం అందరం చెప్పుకుంటాం. దాని తరువాత జరిగింది తక్కువ చెప్పుకుంటాం. పాత కాగితాలు బూడిదైన మరునాడే కొత్త కాగితాలు రాసుకోవలసి వచ్చింది. భూమి పంచాలంటే ఎవరికి ఎంత ఉందో తెలియాలి. గ్రామ రాజ్య కమిటీలు ఊరి జనాన్ని కూర్చోబెట్టి, ఆడవాళ్లను కూడా పిలిచి, అందరి ముందు భూమి లెక్క తీశాయి. గరిష్ఠ పరిమితి మొదట 500 ఎకరాలన్నారు, తరువాత 200కు దించారు, చివరికి ఖుష్కీ 100, తరి 10 ఎకరాలకు తెచ్చారు. ఆ అంకెలు మారుతూ వచ్చాయంటే ఊళ్లలో వాదన జరిగిందని, కింద ఉన్నవాడి మాట పై నిర్ణయాన్ని మార్చిందని అర్థం. తుపాకులు కాపలా కాస్తుండగా, రజాకార్ల భయం మధ్య, తరువాత సైన్యం భయం మధ్య కూడా వాళ్లు సభ పెట్టుకుని లెక్క చూసుకున్నారు. మనకు కాపలా అక్కర్లేదు, చట్టం అండ ఉంది. అయినా మన గ్రామసభలో కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయని నన్ను నేను అడుగుతున్నాను, మిమ్మల్నీ అడుగుతున్నాను.

పోరాటం సాగుతుండగానే చట్టాలు రావడం మొదలైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌల్దారీ చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది. 1954–55 ఖాస్రా పహాణీలో సాగులో ఉన్నవాడి పేరు ఎక్కింది. ఇవాళ్టికీ భూమి తగాదా వస్తే మన పెద్దమనుషులు ఖాస్రాలో ఎవరున్నారని అడుగుతారు కదా, ఆ కాగితం వెనుక ఎంత రక్తం ఉందో పిల్లలకు చెప్పండి.

షాద్‌నగర్ నుంచి మన పంచాయతీ దాకా

1959 అక్టోబరులో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. రాజస్థాన్ తరువాత మనమే. సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. ఊరికి మంచి జరిగింది, చెడూ జరిగింది. బడులు, బావులు, రోడ్లు వచ్చాయి. సమితి కుర్చీ కోసం ఊళ్లు రెండుగా చీలడమూ వచ్చింది. కొన్నిచోట్ల పాత దొర కొడుకే కొత్త సర్పంచి అయ్యాడు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది, 1986లో సమితుల స్థానంలో మండలాలు తెచ్చింది. తాలూకా కేంద్రం చుట్టూ తిరిగే రైతుకు దారి తగ్గింది. 2016 అక్టోబరు 11న మనది సూర్యాపేట జిల్లా అయింది. మన మండలం నుంచి విడిపోయి చింతలపాలెం మండలమైంది. 2018 చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి. ఊరి చివర నిలబడి ఊరి నిర్ణయాలు వినవలసి వచ్చిన లంబాడీ కుటుంబాలు తమ పంచాయతీలో తామే కూర్చున్నాయి. దీన్ని చిన్న మార్పుగా చూడకండి.

ఆఫీసు దగ్గరికి వచ్చింది. లెక్క దగ్గరికి వచ్చిందా?

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నిక, మహిళలకు, దళితులకు, గిరిజనులకు రిజర్వేషన్, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు, అన్నిటికంటే ముఖ్యంగా గ్రామసభ. ఓటరుగా పేరున్న ప్రతి మనిషి గ్రామసభ సభ్యుడే. శాసనసభకు మనం ప్రతినిధిని పంపుతాం, గ్రామసభకు స్వయంగా వెళతాం. ఇంతటి హక్కు రాజ్యాంగం మనకు మరెక్కడా ఇయ్యలేదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంది. చెక్కు మీద సర్పంచితో పాటు ఉప సర్పంచి సంతకం ఉండాలంది.

చట్టం ఉన్నా ఊరు అడగకపోతే ఏమవుతుందో మొన్ననే చూశాం. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుకు తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. వీధిదీపం నుంచి చెత్త ట్రాక్టరు డీజిలు దాకా అన్నిటికీ కటకటే. ఎన్నికల కాలంలో రాత్రింబవళ్లు తిరిగిన మనం, ఎన్నికలే జరగని కాలంలో ఎన్ని అర్జీలు పెట్టాం? ఏ పార్టీ అధికారంలో ఉన్నా పంచాయతీ ఎన్నికలు వాయిదా వేయడం వాళ్లకు తేలికగా తోచిందంటే, ఊరు నిలదీయదన్న ధీమాయే కారణం.

ఏకగ్రీవం గురించి కూడా మనసులో మాట చెబుతాను. ఊరంతా కూర్చుని, మంచి మనిషిని ఒప్పించి, పోటీ లేకుండా నిలబెడితే అది ఊరికి గౌరవం. గుడి కట్టిస్తామనో, ఊరికి ఇంత డబ్బు జమచేస్తామనో సర్పంచి పదవికి వేలం పాడితే అది ఊరికి అవమానం. వేలంలో డబ్బు కట్టినవాడిని రేపు గ్రామసభలో ఎవరు లెక్క అడగగలరు? లెక్క అడిగే హక్కును ముందే అమ్ముకున్నాం కదా. ఓటుకు నోటు తీసుకోవడమూ ఇంతే. ఇచ్చినవాడు దాన్ని పెట్టుబడిగా రాసుకుంటాడు, రాబట్టుకునే దారి వెతుక్కుంటాడు. ఆ దారి మన డ్రైనేజీ కాలువ బిల్లులోంచే పోతుంది.

మన నేల కింది రాయి

మేళ్లచెరువు, మఠంపల్లి, చింతలపాలెం, పాలకీడు. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ నేల అడుగున సున్నపురాయి ఉంది. ఆ రాయి కోసం సిమెంటు కర్మాగారాలు వచ్చాయి, వాటి కోసం జగ్గయ్యపేట వైపు నుంచి రైలు పట్టా వచ్చింది. కొలువులు వచ్చాయి, లారీలు వచ్చాయి, హోటళ్లు, వర్క్‌షాపులు, అద్దె గదులు వచ్చాయి. బీహారు నుంచి, ఒడిశా నుంచి కార్మికులు వచ్చారు. మన ఊరు పల్లెగా ఉండలేదు, పట్నం కాలేదు. వ్యవసాయం, పరిశ్రమ ఒకే వీధిలో ఎదురుబొదురుగా కాపురం పెట్టాయి. పరిశ్రమ వద్దనడం నా ఉద్దేశం కాదు. ఆ రాయి మీద వచ్చే సొమ్ములో ఊరి వాటా ఎంత, అది ఎక్కడ ఖర్చవుతోంది అన్నది ఊరికి తెలిసి తీరాలన్నదే నా వాదన.

లెక్క కష్టమైనది కాదు, బడి పిల్లలూ చేయగలరు. సిమెంటుకు వాడే సున్నపురాయి మీద రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి ట్రస్టు పెట్టారు. ఆ ఏడాది జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవైతే 10 శాతం అదనంగా ఆ ట్రస్టుకు కట్టాలి. పాత లీజు గని నుంచి టన్ను రాయి తీస్తే 24 రూపాయలు. పది లక్షల టన్నులకు రెండు కోట్ల నలభై లక్షలు. ఒక టన్ను క్లింకర్ కాల్చడానికి దాదాపు టన్నున్నర రాయి కావాలి. మన చుట్టూ తయారయ్యే సిమెంటును బట్టి ఆ నిధి ఎంత పెద్దదో అంచనా వేసుకోండి. గని ప్రభావానికి లోనైన ప్రాంతానికి, అక్కడి ప్రజలకు మేలు చేయడం ఆ ట్రస్టు ధ్యేయమని చట్టంలోనే రాశారు. తాగునీరు, వైద్యం, చదువు, కాలుష్య నివారణ వంటి వాటికి కనీసం 70 శాతం ఖర్చు చేయాలని కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ పనులకు గ్రామసభ ఆమోదం ఉండాలి. మనది షెడ్యూల్డు ప్రాంతం కాదు. అంతమాత్రాన మన గ్రామసభ ఆ లెక్క తెప్పించుకుని చదవకూడదని ఏ చట్టమూ అనలేదు. దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకి వస్తుంది, పేలుడు అదురు మన గోడలకు తగులుతుంది. నిధి మాత్రం మనకు కనపడని బల్ల మీద పంపకమైతే, అది పాత జమాబందీయే. భాష ఒక్కటే మారింది.

కొత్త గనికి గాని విస్తరణకు గాని అనుమతి ఇచ్చే ముందు 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి, సభను వీడియో తీయాలి, ప్రతి అభ్యంతరాన్ని నమోదు చేయాలి. మనం ఏం చేస్తున్నాం? సభ నాడు టెంటు కిందికి వెళ్లి, కొందరం అనుకూలంగా, కొందరం వ్యతిరేకంగా అరిచి, భోజనం చేసి వస్తున్నాం. ఆ 30 రోజులు నివేదిక చదవడానికి ఇచ్చిన గడువు. బోర్లలో నీటిమట్టం గురించి అందులో ఏం రాశారు, గని గుంతను చివరికి ఏం చేస్తామన్నారు, మన యువకులకు ఎన్ని పనులు, ఏ పనులు ఇస్తామన్నారు, ఇవన్నీ ముందే చదివి ప్రశ్నలు రాసుకుని వెళ్లిన ఊరికి దక్కే జవాబు వేరు. ఆ జవాబు రికార్డుకు ఎక్కుతుంది, పదేళ్ల తరువాత కూడా చూపించి అడగవచ్చు.

తెలియని చోట భయం ఎలా పెరుగుతుందో కూడా మనం చూశాం. 2020 జనవరిలో చింతలపాలెం పరిసరాల్లో భూమి పదేపదే కంపించింది. జనం చలిలో ఆరుబయట పడుకున్నారు. పుకార్లు గాలికంటే వేగంగా తిరిగాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వచ్చి యంత్రాలు పెట్టి కంపనాలను కొలిచి, వివరాలు చెప్పాక భయం కొంత సద్దుమణిగింది. తెలిసినవాళ్లు ఊరి ముందుకు వచ్చి చెప్పడమే ఊరికి ధైర్యం.

కాలువ నీళ్లు, ముంపు నీళ్లు

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాది పడింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తరి చేసి ఖమ్మం వైపు సాగింది. జొన్న తిన్న ఇళ్లలో వరన్నం ఉడికింది. నీళ్లతో పాటు కొత్త తగాదా వచ్చింది, ఎగువ రైతు, దిగువ రైతు. కాలువ చివరి భూముల వాళ్లు తూముల దగ్గర రాత్రుళ్లు కాపలా పడుకోవడం మనందరికీ తెలుసు. వారబందీ, అంటే వంతుల పద్ధతి, ప్రకారం ఏ మేజరు కాలువకు ఎన్ని రోజులు నీళ్లు వదులుతున్నారో ముందే గోడ మీద రాస్తే సగం కొట్లాటలు ఉండవు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినప్పుడు రైతులే కాలువ లెక్క చూసుకుంటారని ఆశపడ్డాం. సంఘాలకు ఎన్నికలు ఆగిపోయాక ఆ ఆశ వాడిపోయింది. చెరువు కింద పాత కాలంలో నీరటికాడు ఉండేవాడు. ఎవరి మడికి ఎంత తడి ఇయ్యాలో ఊరంతటి ముందు వాడికి ఒప్పజెప్పేవారు. అంతకంటే వెనక్కి పోకూడదు మనం.

కృష్ణలో మరో నీరుంది, పులిచింతల ఆనకట్ట వెనుక నిలిచిన నీరు. ఇంజనీరు కె.ఎల్. రావు పేరు పెట్టిన ఆ జలాశయంలో 45.77 టీఎంసీలు నిలుస్తాయి. దాని కోసం నల్లగొండ వైపు ఒడ్డున ఉన్న పల్లెలూ ఊరు విడిచాయి. గుడి, మసీదు, శ్మశానం, చింతచెట్టు అన్నీ వదిలి కాలనీలకు వచ్చిన కుటుంబాలు ఈ సభలో ఉన్నాయి. ఇల్లు పోయినవాడికి పరిహారం లెక్క కాగితం మీద అందడం దయ కాదు, హక్కు. ఇప్పటికీ ఆ కాగితాల కోసం ఎవరైనా తిరుగుతుంటే, వాళ్ల వెంట ఒక్కరైనా వెళ్లడం మన ఊరి బాధ్యత.

జాతరలో ఉన్న నియమం

మన ఊరికి లెక్క చూసుకోవడం చేతకాదంటే నేను ఒప్పుకోను. శివరాత్రి నాడు శంభులింగేశ్వరుడి జాతర చూడండి. కాకతీయుల కాలం నాటిదని పెద్దలు చెప్పే ఆ గుడి ముందు ప్రభలు కడతారు, లక్షల మంది వస్తారు. ఎడ్ల పందేలకు రెండు రాష్ట్రాల నుంచి జతలు వస్తాయి. ఆ బరిలో ఎంత క్రమం ఉందో గమనించండి. పళ్లు చూసి వయసు తేలుస్తారు, రెండు పళ్ల జత ఆరు పళ్ల జతతో పోటీ పడదు. బండ ఎంత బరువో అందరికీ తెలుసు. ఎన్ని నిమిషాలో ముందే చెబుతారు. బండ ఎన్ని అడుగులు కదిలిందో అందరి ముందు టేపు పెట్టి కొలిచి మైకులో చదువుతారు. ఎవరి ఎడ్లు గెలిచినా ఓడిన రైతు తలవంచి ఒప్పుకుంటాడు, ఎందుకంటే కొలత అతని కళ్లముందే జరిగింది. పంచాయతీ ఖర్చు కూడా ఇలాగే అందరి కళ్లముందు కొలిచి మైకులో చదివితే ఊళ్లో పగలు సగానికి తగ్గుతాయి. 'లెక్క అడిగితే ఊరు చీలిపోతుంది' అని కొందరు పెద్దలు భయపడతారు. ఊరు చీలేది అనుమానంతో. కొలత కనపడినచోట అనుమానానికి చోటుండదు.

కలిసి బతకడం కూడా ఈ ప్రాంతానికి అలవాటే. జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు హిందువులు కందూరు చేస్తారు. మఠంపల్లి మండలం మట్టపల్లిలో నరసింహస్వామి గుడి ఉంది, మఠంపల్లిలో పేరున్న చర్చీ ఉంది. తండాల్లో సేవాలాల్ జయంతికి ఊరివాళ్లు వెళతారు. పండుగకు కలిసే మనుషులు పద్దు దగ్గర కూడా కలిసి కూర్చోవాలి. అందాకా సమాజం పూర్తి కాదు.

అడిగే గొంతు ఎవరిది

గ్రామసభ జరిగినా అందులో ఎవరు మాట్లాడుతున్నారు? సగం మంది సర్పంచులు ఆడవాళ్లే. చట్టం ఆ కుర్చీ ఇచ్చింది. కుర్చీలో ఆమె పేరు, చెక్కు మీద ఆమె సంతకం, మాట మాత్రం భర్తదో, మరిదిదో అయితే అది కూడా దొరతనమే. మన జిల్లా ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం పదిహేనేళ్లు దాటీ దాటకుండానే దళంలో నడిచారు, 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు, 2022 మార్చిలో కన్నుమూసేదాకా నిలదీస్తూనే ఉన్నారు. ఆ మట్టిలో పుట్టిన సర్పంచమ్మ గ్రామసభలో తన పద్దు తానే చదవాలి. పొదుపు సంఘంలో ప్రతి వారం పుస్తకం చూసుకునే మన అక్కలకు పంచాయతీ పుస్తకం చదవడం బ్రహ్మవిద్య కాదు. రూపాయి తేడా వస్తే ఇంటికి వెళ్లనీయని వాళ్లు వాళ్లు.

దళితవాడ నుంచి వచ్చినవాడు వెనకే నిలబడితే, తండా అమ్మ మాటకు ఎవరో నవ్వితే, వేరే రాష్ట్రపు కార్మికుడు ఈ ఊరివాడు కాదని పక్కన పెడితే, ఆ సభ గ్రామసభ కాదు. పాత కచ్చీరే. ఎదురుగా నిలబడి అడగలేని మనిషి కోసం మరొకరు అడగడం, అడిగినవాడి వెనుక నలుగురు నిలబడడం, ఇదే సంఘం. 1940లలో సంఘం చేసిన పని ఇదే.

ఇది కుదిరే పనేనని దేశం చూపించింది. 1994లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల హాజరు పట్టీలు బహిరంగంగా చదివించింది. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలీ రాశారని జనమే పట్టుకున్నారు. ఆ అలజడి నుంచే 2005లో సమాచార హక్కు చట్టం పుట్టింది. మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పద్ధతిగా మొదలైంది. 1996లో కేరళ ప్రజా ప్రణాళిక పేరుతో పల్లెలకు నిధులిచ్చి, ఎలా ఖర్చు చేయాలో వార్డు సభల్లో తేల్చుకోమంది. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రి నగరం 1989 నుంచి బడ్జెట్‌ను వీధి జనంతో కలిసి రాసింది. ఎక్కడా ఆకాశం ఊడిపడలేదు. డ్రైనేజీలు మెరుగయ్యాయి, మనుషులకు తమ మాట మీద నమ్మకం పెరిగింది.

మనం చేయవలసినవి

మొదటిది, గ్రామసభ తేదీలు ఏడాది ముందే గోడ మీద రాయాలి. సభ నాటికి ఆ రెండు నెలల ఆదాయం, ఖర్చు పెద్ద అక్షరాల తెలుగులో పంచాయతీ గోడ మీద ఉండాలి, అక్షరం రానివాళ్ల కోసం మైకులో చదవాలి. పన్ను ఎంత వసూలైంది, ఎవరి దగ్గర పెద్ద బాకీ ఉంది, అదీ చదవాలి. పన్ను కట్టని వాళ్లకు లెక్క అడిగే నోరు సన్నబడుతుంది. ముందు మనం కట్టాలి.

రెండోది, జిల్లా ఖనిజ నిధిలో మన మండలానికి ఏటా ఏమి వచ్చింది, ఏ పనికి వెళ్లింది అన్న వివరాలు సమాచార హక్కు కింద తెప్పించి గ్రామసభలో చదవాలి. మన ఊరికి ఏ మూడు పనులు ముందు కావాలో తీర్మానం చేసి కలెక్టరు గారికి పంపాలి.

మూడోది, ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన వచ్చిన వారంలోనే బడి పంతుళ్లు, రిటైరైన ఉద్యోగులు, కర్మాగారంలో పనిచేసే మన పిల్లలు కలిసి నివేదిక చదివి ఊరికి విప్పి చెప్పాలి. అనుకూలమైనా, ప్రతికూలమైనా ఊరు తెలిసి మాట్లాడాలి.

నాలుగోది, భూమి రికార్డులు. పట్వారీ పోయాడు, తరువాత వీఆర్వో వచ్చి వెళ్లాడు, 2020లో ధరణి పోర్టలు వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. ప్రతిసారీ దస్త్రం రూపు మారింది. మారిన ప్రతిసారీ ఎవరో ఒక పేదవాడి సర్వే నంబరు జారిపోయింది. ఏడాదికోసారి ఊరి రికార్డును ఊరి మధ్య కూర్చుని చదువుకుంటే తప్పులు కోర్టుకు చేరకముందే బయటపడతాయి.

ఐదోది, గ్రామసభకు ముందు రోజు ఆడవాళ్ల సభ. అక్కడ తేలిన మాటలే మరునాడు మొదటి అంశాలు కావాలి.

ఇవేవీ కొత్త చట్టం కోరవు, పెద్ద డబ్బు కోరవు. సాయంత్రం రెండు గంటల సమయం కోరతాయి, మన పార్టీ సర్పంచినైనా సరే లెక్క అడిగే నిజాయితీ కోరతాయి. పరాయి పార్టీవాడిని అడగడం తేలిక. మనవాడిని అడిగిన రోజే అది లెక్క అవుతుంది, అంతవరకు అది కక్షే. సర్పంచులకూ ఒక మాట. అడిగేవాడు మీ శత్రువు కాదు. బిల్లులు రాక సొంత డబ్బు పెట్టి అప్పులపాలైన సర్పంచులు మన రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. ఊరికి లెక్క తెలిసి ఉంటే ఆ బాకీ కోసం ఊరంతా మీ వెనుక నిలబడేది. దాచిన లెక్క ముందు మిమ్మల్నే ఒంటరిని చేస్తుంది.

వచ్చే గ్రామసభకు ఈ సభలో ఉన్న ప్రతి ఇంటి నుంచి ఒకరు రావాలని, రాసుకున్న ప్రశ్న ఒకటి తేవాలని కోరుతున్నాను. జవాబు రాకపోతే దాన్ని తీర్మానాల పుస్తకంలో ఎక్కించమనండి, తరువాతి సభలో మళ్లీ అడగండి. ఏడాది తరువాత ఇదే వారంలో మళ్లీ కలిసినప్పుడు ఎన్ని ప్రశ్నలకు జవాబు వచ్చిందో స్తూపం ముందు చదువుదాం. రసీదు అడిగినందుకు ప్రాణం పోగొట్టుకున్న వాళ్లకు మనం వినిపించగలిగిన మంచి నివేదిక అదే.

అమరులకు జోహార్లు.